అవ్వ గోడకు బిగించిన స్పీకర్

మా ఇల్లు తూంకుంటలో ఉండేది. కరీంనగర్ రోడ్డు దిగి లోపలికి నడిస్తే అప్పట్లో ఇళ్ల కంటే ప్లాట్ల హద్దురాళ్లే ఎక్కువ. సున్నం పూసిన ఆ రాళ్లు సాయంత్రం పూట చెలకల్లో వరుసగా కూచున్న కొంగల్లా కనిపించేవి. డాబా మీద నిలబడి వాటిని చూస్తూ ఏవేవో ఊహించుకునేదాన్ని. ఇంటర్ తప్పి ఇంట్లో కూచున్న పిల్లకు ఊహలు తప్ప ఏముంటాయి. వారపత్రికల్లో సీరియళ్లు చదివి చదివి, ఏదో ఒక రోజు వానలో తడుస్తూ ఒకతను మా గేటు తీస్తాడని గట్టిగా నమ్మేదాన్ని.

2004 వానాకాలంలో నిజంగానే ఒకతను తడుస్తూ గేటు తీశాడు. భుజాన డ్రిల్లింగ్ మిషన్ సంచి, చంకలో వైరు చుట్ట. పేరు పరమేష్. శామీర్‌పేటలో టీవీలు అమ్మే దుకాణంలో పని. మా నాయిన జనార్ధన్ అంతకు ముందే పాత ఇంటి ముందు భాగం కూలగొట్టి పెద్ద హాలు కట్టించాడు. హాలు కట్టిన మనిషి హాలుకు తగ్గ టీవీ తేకుండా ఎట్లా ఉంటాడు. ఇరవై తొమ్మిది అంగుళాల టీవీ, డీవీడీ, ఐదు చిన్న స్పీకర్లు, నేల మీద పెట్టే ఒక పెద్ద బేస్ పెట్టె వచ్చాయి. మేడ్చల్‌లో సినిమాకు పోవుడు బందు, ఇగ సినిమానే మనింటికొస్తది అని నాయిన వాడంతా చెప్పుకున్నాడు.

వెనక గది ఒక్కటే పాతది మిగిలింది. అది మా అవ్వ దుర్గాబాయిది. హాలుకు, ఆ గదికి మధ్య ఒకటే గోడ. అవ్వ బాయి కాడ జారిపడి నెల రోజుల నుంచి మంచంలోనే ఉంది. దానికి తోడు ఆయాసం. లేవలేదు, ఏం కావాలన్నా పిలవాలి. గొంతు అందనప్పుడు స్టీలు గ్లాసుతో మంచం కోడు మీద టకటకమని కొట్టేది.

పరమేష్ స్పీకర్లు ఎక్కడెక్కడ పెట్టాలో నాకు వివరంగా చెప్పాడు. ముందర రెండు, టీవీ కింద ఒకటి, వెనక మూలలకు రెండు. సరిగ్గా మధ్యలో ఒక కుర్చీ. ఆ కుర్చీలో కూచున్న వాళ్లకు వాన పడితే నెత్తిన పడ్డట్టే ఉంటుందట. వైర్లు కనిపించొద్దని నాయిన పట్టుపట్టాడు. అందుకని వెనక ఎడమ స్పీకర్ వైరును గోడకు రంధ్రం చేసి అవ్వ గదిలో నుంచి తిప్పాల్సి వచ్చింది. రంధ్రం చేస్తుంటే ఇటుకపొడి అవ్వ దుప్పటి మీద రాలింది. అతను పరుగున పోయి దులిపి, మాఫ్ చెయ్యమన్నాడట. అవ్వ నవ్వి, పోనీలే కొడుకా, గీ పొక్కల నుంచి మీ సినిమా నాకు గూడ ఇనొస్తది అన్నదట. అవ్వకు ఆ టీవీ మీద ఎంతో ఆశ. రోజుకు నాలుగుసార్లు అడిగేది, నన్నెప్పుడు ఎత్తుకపోయి కూచోబెడతరని. అన్నీ బిగించినంక, అన్నీ బిగించినంక అని అందరం చెప్పేవాళ్లం.

రెండో రోజు మధ్యాహ్నం అమ్మా నాయినా మేడ్చల్‌లో ఒక నిశ్చితార్థానికి పోయారు. పోతూ పోతూ అమ్మ, అవ్వను జెర చూస్కో అని చెప్పింది. చూసుకుంటానన్నాను. బయట వాన. ఇంట్లో నేను, అవ్వ, సౌండ్ సెట్ చేయడానికి వచ్చిన పరమేష్.

అతను నన్ను మేడం అనేవాడు. అప్పటిదాకా నన్ను ఎవరూ మేడం అనలేదు. మధ్య కుర్చీలో నన్ను కూచోబెట్టి, మీరు ఇని చెప్పాలె మేడం, మీ చెవే నాకు మీటరు అన్నాడు. సౌండ్ చూడడానికి అతని దగ్గర ఒక ఇంగ్లీషు సినిమా డిస్కు ఉండేది. అందులో అడవి, చీకటి, వాన. ఒక ఆకు నుంచి ఇంకో ఆకు మీదికి చుక్క జారితే నా కుడిచెవి నుంచి ఎడమ చెవికి జారింది. నాకు ఒళ్లంతా పులకరించింది. నిజం చెప్పాలంటే వాన కంటే ఎక్కువగా, నా వెనక నిలబడి స్పీకర్ మర తిప్పుతున్న అతని చొక్కా తడివాసన వల్ల.

అప్పుడే వినిపించింది. వెనక ఎడమ వైపు నుంచి. స్పీకర్ అక్కడే, దాని వెనక గోడ, గోడ వెనక మంచం.

"బిడ్డా భవితా... గిన్ని నీళ్లు."

నేను కదల్లేదు. కాసేపటికి మళ్లీ పిలిచింది. తర్వాత గ్లాసు చప్పుడు. పరమేష్ చెయ్యి ఆపి గోడ వైపు చూశాడు.

"అవ్వ పిలిచినట్టుంది మేడం."

"లేదు. సినిమాల వచ్చింది."

"ఇంగ్లీషు సినిమాల తెలుగుల నీళ్లడుగుతరా?"

నాకు నవ్వొచ్చింది. అతనూ నవ్వాడు. ఇద్దరం పెద్దగా నవ్వుకున్నాం. అవ్వ ఊకెనే పిలుస్తది, మీరు కానియ్యుండ్రి అన్నాను. ఐదు నిమిషాలాగి ఇద్దామనుకున్నాను. అవ్వ మీద ఒట్టేసి చెప్తున్నా, ఇద్దామనే అనుకున్నాను. ఆ కుర్చీ లోంచి లేస్తే ఆ మధ్యాహ్నం మళ్లీ దొరకదేమో అనిపించింది. అంతే.

డిస్కు అయిపోయాక లేచాను. అతను సంచి సర్దుకుంటున్నాడు. వెనక ఎడమ స్పీకర్ వైరు ఇంకా కలపలేదు, రేపొచ్చి కలుపుతా అంటున్నాడు. అంటే అప్పటిదాకా ఆ స్పీకర్‌లో నుంచి ఏ చప్పుడూ వచ్చే అవకాశమే లేదు. నేను ఆ మాట వింటూనే అవ్వ గదిలోకి పోయాను.

అవ్వ చెయ్యి మంచం మీది నుంచి కిందికి వేలాడుతోంది. గ్లాసు మూలకు దొర్లి ఉంది. కళ్లు గోడకు చేసిన ఆ రంధ్రాన్నే చూస్తున్నాయి.

నిద్రలోనే పోయిందని ఇంట్లో చెప్పాను. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, అందరూ నమ్మారు. పరమేష్ కూడా వచ్చినవాళ్ల ముందు తల వంచుకుని నిలబడ్డాడు గానీ నోరు విప్పలేదు. చావు ఇంట్లో టీవీ పెట్టకూడదు గనక దాని మీద దుప్పటి కప్పారు. తెల్ల దుప్పటి. హాల్లోకి పోయినప్పుడల్లా ఎవరో పడుకున్నట్టు కనిపించేది. ఆ పదొద్దులు నన్ను తిన్నది ఒకటే ఆలోచన. అవ్వ పోయిందన్న దుఃఖం కాదది, చెప్పడానికి సిగ్గేస్తోంది. ఆ రంధ్రంలో నుంచి నా నవ్వు అవ్వకు వినిపించిందా, లేదా? వినకుండా పోయి ఉంటే నేను తప్పు చేసినదాన్ని. విని పోయి ఉంటే... నన్ను ఏమనాలో నాకు తెలియదు.

పదకొండో రోజు చెలక గట్టున పిట్టకు పెట్టారు. మా దిక్కు అది మస్తు పట్టింపు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి దూరంగా నిలబడాలి. కాకి వచ్చి ముడితే మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అన్నం, మటన్, గారెలు, కల్లు, ఒక ముంతలో నీళ్లు పెట్టారు. కాకులు వచ్చాయి. కరెంటు తీగ మీద వరుసగా కూచున్నాయి. ఒక్కటీ దిగలేదు.

అరగంటయింది. మా నాయినకు పెదనాయిన వరసయ్యే ఎంకయ్య తాత, ఒక్కొక్కరే ముంగటికొచ్చి మాటియ్యుండ్రి, ముసల్దానికి ఏం మిగిలిందో ఏమో అన్నాడు. నాయిన పొలం గట్టు తగాదా తెంపుకుంటానన్నాడు. అమ్మ నా పెళ్లి ఏడాదిలోపల చేస్తామన్నది. కాకులు కదల్లేదు. నా వంతు వచ్చింది. రోజూ దీపం పెడతా అవ్వా అని గట్టిగా అన్నాను. అవ్వా, తప్పయింది అన్న మాట నాలుక దాకా వచ్చింది. చుట్టూ నలభై మంది. మింగేశాను.

అప్పుడు ఎంకయ్య తాతే తొడ మీద చరుచుకుని, ఓరి జనార్ధనా, ముసల్ది టీవీ చూడకనే పోయిందిరా, అదే దాని రంది అన్నాడు. నాయిన కళ్లనీళ్లు తుడుచుకుని, అమ్మా, ఇయ్యాల పొద్దుగూకంగనే నడుమ కుర్చీల నిన్నే కూచోబెట్టి టీవీ పెడతం అని దండం పెట్టాడు.

ఒక కాకి దిగింది. విస్తరి చుట్టూ నడిచింది. మటన్ ముట్టలేదు, గారె ముట్టలేదు. పోయి నీళ్ల ముంతలో ముక్కు ముంచింది. తాగింది. మళ్లీ తాగింది. ముట్టింది, ముట్టింది అని అందరూ సంబరంగా ఊపిరి పీల్చుకున్నారు. నేను మాత్రం ఆ ముంత వైపు చూడలేకపోయాను.

చుట్టాలందరూ తిని వెళ్లిపోయారు. ఆరున్నరకు పరమేష్‌ను పిలిపించారు. అతను నా వైపు చూడకుండా దుప్పటి తీశాడు, వెనక ఎడమ స్పీకర్ వైరు కలిపాడు. మధ్య కుర్చీలో అవ్వ చీర మడత, దాని మీద అవ్వ ఫోటో, కింద దీపం. ఇంట్లో మిగిలింది నాయిన, అమ్మ, ఎంకయ్య తాత, అతను, నేను. అందరం గోడల వెంట చాపల మీద కూచున్నాం. ఆ కుర్చీ ఒక్కటే నడిమధ్యన. నాకు అవ్వ గది గోడ పక్కన చోటు దొరికింది. నెత్తి మీదనే ఆ స్పీకర్.

మా నారాయణ చిన్నాయిన పెళ్లి డిస్కు వేశారు. అందులో అవ్వ ఉంది. ఆకుపచ్చ చీర కట్టుకుని పందిట్లో కూచుని పాన్ నములుతోంది. టీవీలో అవ్వ, కుర్చీలో అవ్వ ఫోటో, ఒకరినొకరు చూసుకుంటున్నారు. బాజాలు ఐదు దిక్కుల నుంచి మోగాయి. అమ్మ ఏడ్చింది. నాయిన, చూడమ్మా, ఎట్లొస్తాందో చూడు అని ఫోటోతో మాట్లాడాడు. అగరువత్తి పొగలో, సాంబ్రాణిలో, తడిసిన సిమెంటు వాసనలో నాకు కూడా కొంచెం నమ్మకం వచ్చింది. నిజంగా టీవీయే అవ్వ కోరికేమో. నన్ను వదిలేసిందేమో.

బయట ఉరిమింది. కరెంటు పోయింది.

బాజాలు ఆగిపోయాయి. తెర నల్లబడింది. దీపం ఒక్కటే మిగిలింది. ఎవరూ లేవలేదు. కాసేపాగితే వస్తదిలే అన్నాడు ఎంకయ్య తాత.

అప్పుడు నా నెత్తి మీద ఎవరో ఊపిరి తీశారు.

స్పీకర్‌లో నుంచి.

కరెంటు లేదు... తెర మీద దీపం నీడ తప్ప ఏమీ లేదు. ఊపిరి మాత్రం వస్తోంది. పిల్లికూతలతో... ఆయాసంతో. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ ఊపిరి మా ఇంట్లో అందరికీ తెలుసు. తర్వాత నులక మంచం కిర్రుమన్నది. ఆ వెనక ఎక్కడో దూరంగా, గోడకు అవతల, వాన. అడవి వాన. ఆకుల మీద చుక్కలు.

నాకు అర్థమైంది. ఆ మధ్యాహ్నం వినిపిస్తోంది. కానీ మా వైపు నుంచి కాదు... అవ్వ మంచంలో నుంచి. అవ్వ చెవికి ఎట్లా వినిపించిందో అట్లా.

"బిడ్డా భవితా... గిన్ని నీళ్లు."

నాయిన లేచి నిలబడ్డాడు. గ్లాసు కోడు మీద కొట్టుకుంది. టక్... టక్. అంత దగ్గరగా కొట్టుకుంది, నా పళ్లు జివ్వుమన్నాయి. తర్వాత గోడకు అవతల నుంచి మగగొంతు. ఆ రంధ్రంలో నుంచి స్పష్టంగా వచ్చింది. అవ్వ పిలిచినట్టుంది మేడం. ఆ తర్వాత నా గొంతు. లేదు, సినిమాల వచ్చింది.

చెవులు మూసుకున్నాను. లాభం లేదు. నవ్వు వచ్చింది... అతని నవ్వు, నా నవ్వు. అవ్వ వైపు నుంచి వింటే ఆ నవ్వు ఎంత పెద్దగా ఉందో. ఎంతసేపు ఉందో. నేను అంతసేపు నవ్వానా? నవ్వు అయ్యేదాకా అవ్వ ఊపిరి బిగబట్టే ఉంది. అయ్యాక మళ్లీ మొదలైంది. ఈసారి వేగంగా. చిన్నగా. ఇంకా చిన్నగా.

దీపం వెలుగులో నాయిన నన్ను చూశాడు. పరమేష్ గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. నేను నాయిన కాళ్ల మీద పడాలనుకున్నాను. ఒళ్లు కదల్లేదు. ఇగ అయిపోయింది, అందరికీ తెలిసిపోయింది అనుకున్నాను. భయంలోనే ఒక నిమ్మళం కూడా వచ్చింది. దాచేది ఇంకేమీ లేదు కదా.

కానీ అది ఆగలేదు.

అవ్వ గది తలుపు కిర్రుమన్నది. అసలు తలుపు కాదు, స్పీకర్‌లోని తలుపు. పట్టీల చప్పుడు. ఒక్కో అడుగు... మంచం దాకా వచ్చి ఆగింది. గది మూలనున్న కుండలో నుంచి నీళ్లు వంచిన చప్పుడు. ఆ తర్వాత ఎవరో చాలా మెల్లగా, అవ్వ చెవిలో చెప్పినట్టు, గోడ పక్కన ఉన్న నాకొక్కదానికే అందేంత మెల్లగా అన్నారు.

"ఆమె రాదు."

తర్వాత అదే గొంతు, హాల్లో అందరికీ వినిపించేటట్టు...

"అవ్వా, నేనొచ్చిన. తాగు."

ఆ గొంతు నాదే.

గుటకలు వినిపించాయి. ఒకటి, రెండు, మూడు. ఊపిరి ఒక్కసారి పొడుగ్గా వచ్చింది. మళ్లీ రాలేదు. కరెంటు వచ్చి తెర మీద పెళ్లి బాజాలు ఒక్కసారిగా భళ్లుమన్నాయి. అమ్మ కెవ్వుమంది. పరమేష్ ఉరికి ప్లగ్గు పీకేశాడు.

నాయిన నా దగ్గరికి వచ్చి కూచున్నాడు. కొడతాడనుకున్నాను. నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు.

"నవ్వితే నవ్వినవు గానీ బిడ్డా, లేచి పోయినవు గదా. నీళ్లు పోసినవు గదా. ఆ దినం మేడ్చల్ నుంచి రాంగనే అమ్మ కండ్లు మూసి, మూతి తుడిచిన. తడిగుండె. నాకప్పుడే అనిపిచ్చింది, నా బిడ్డ ఆఖరికి నీళ్లు తాపిందని."

నోరు తెరిచాను. అమ్మ నన్ను దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకుంది. ఎంకయ్య తాత, పెద్దమనిషి తృప్తిగా పోయింది, ఇగ భయపడకుండ్రి అన్నాడు. అందరి ముఖాల్లో వెలుగు. తెరిచిన నోరు మూసుకున్నాను. అవ్వకు ఇవ్వని గుక్కెడు నీళ్లకు నాకు దక్కిన దీవెన అది.

ఒక్క పరమేష్ మాత్రం దూరం నుంచి నన్ను చూస్తూ నిలబడ్డాడు. ఆ మధ్యాహ్నం నేను కుర్చీ లోంచి లేవలేదని అతనికి తెలుసు.

ఆ సామాను మా చుట్టాల్లో ఎవరికో ఇచ్చేశారు. గోడకు రంధ్రం పూడ్చారు. ఏడాది తిరగకముందే పరమేష్ వాళ్లు వచ్చి నన్ను అడిగారు. ఊహించుకున్నట్టే పెళ్లయింది, కాకపోతే ఆ ఊహల్లో ఇంత మౌనం లేదు. కౌకూర్‌లో చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాం. అతను ఊరందరికీ టీవీలు బిగిస్తాడు. మా ఇంట్లో టీవీ లేదు. పెళ్లయిన కొత్తలో ఒక్కసారి అడిగాడు.

"స్పీకర్ మర తిప్పేటప్పుడు నేను అటు తిరిగిన. అప్పుడేమన్న లేచి పోయినవా?"

లేచి వెళ్లానని అతనికి వినాలనుంది. అతనికీ అదే బరువు కదా. లేదు అన్నాను. అటు తిరిగి పడుకున్నాడు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు మాకు ప్రణీత ఉంది. మూడేళ్లు నిండాయి. అది పిలిస్తే నేను ఉన్నచోట ఉన్నట్టే ఉరుకుతాను. అన్నం ముందు నుంచి లేస్తాను, స్నానం మధ్యలో నుంచి వస్తాను. ఇంత భయమేందమ్మా నీకు అని పక్కింటి వాళ్లు నవ్వుతారు. రెండో పిలుపు దాకా రానియ్యను. రానిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. నేను పోకపోతే... పోయేవాళ్లు ఉన్నారు.

మొన్న మంగళవారం పొద్దున పిండి కలుపుతున్నాను. చేతినిండా జిగట. లోపలి గదిలో నుంచి పిల్ల లేచి, అమ్మా నీళ్లు అన్నది. వస్తున్నా అన్నాను. నల్లా తిప్పితే నీళ్లు సన్నగా వస్తున్నాయి. చేతులు కడుక్కోవడం ఆలస్యమైంది. పిల్ల మళ్లీ పిలవలేదు. గ్లాసు నింపుకుని ఒక్క ఉరుకున పోయాను.

ప్రణీత మంచం మీద కూచుని కాళ్లూపుతోంది. మూతి నుంచి గదవ మీదికి నీళ్లు కారుతున్నాయి. గౌను మెడ దగ్గర తడిసి ఉంది. నా చేతిలో గ్లాసు చూసి మొహం చిట్లించింది.

"మల్లెందుకు తెచ్చినవమ్మా?"